ఏడో కంప్యూటర్‌లో ఆడవద్దు

“మామా, 84 మంచిదా, 79 మంచిదా?”

జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం మా అక్క కొడుకు అడిగిన ప్రశ్న ఇది. వాడు తిరుపతిలోనే ఇంజినీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. గంగ జాతరకు వచ్చిన బంధువులు వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టిన నోట్లన్నీ కూడబెట్టి, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో వేసవి తగ్గింపుల కోసం కాచుకుని కూర్చున్నాడు. ఉన్న డబ్బుకు ఒక్క ఆట వస్తుంది. వడపోతలన్నీ అయ్యాక రెండు మిగిలాయి. రెండింటి పక్కనా మెటాక్రిటిక్ అంకె ఉంది, అంటే సమీక్షకులు వేసిన మార్కులన్నీ కలిపి ఆ సైటు నూటికి తీసిన సగటు. ఆ ఆటల్లో ఏం చేయాలి, కథ ఏమిటి అని అడిగితే నీళ్ళు నమిలాడు. అంకెలు మాత్రం నోటికి వచ్చు.

ముందు నవ్వు వచ్చింది, తర్వాత కాస్త కోపం. అంతకు మూడు నెలల ముందే వాడు ఇలాగే 90 దాటిన ఆట ఒకటి కొని చేతులు కాల్చుకున్నాడు. అది వాడి ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. తెరుచుకున్నాక అందులోని గుర్రం పరిగెత్తలేదు. ఫోటోల ఆల్బం తిప్పుతున్నట్టు ఒకసారి చెట్టు దగ్గర, ఒకసారి వాగు దగ్గర కనిపించేది. వాడు పట్టు వదలకుండా బొమ్మల నాణ్యత తగ్గిస్తూ, డ్రైవర్ ప్రోగ్రాములు మారుస్తూ, మళ్ళీ మొదలుపెడుతూ కూర్చున్నాడు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలకు మించకపోతే డబ్బు వెనక్కి అడగవచ్చు. వాడు నిజంగా ఆడింది పది నిమిషాలు ఉంటుందేమో. కానీ ఆట తెరిచి పెట్టుకుని తంటాలు పడినదంతా ఆడినట్టే లెక్క. రెండు గంటల పదకొండు నిమిషాలు. డబ్బు పోయింది.

ఆ ఆటకు వచ్చిన మార్కులు అబద్ధమని నేను అనను. వేసినవాళ్ళు ఖరీదైన కంప్యూటర్ల ముందు కూర్చుని నిజాయితీగానే వేసి ఉంటారు. వాళ్ళ బల్ల మీద నిజమైనది మావాడి బల్ల దాకా వచ్చేసరికి నిజం కాకుండా పోయింది, అంతే. ఈ ‘అంతే’ దగ్గరే నెల రోజులుగా ఆగిపోయాను. ఆట ఎలా ఉందో చెప్పడానికి, ఎవరు, ఎక్కడ కూర్చుని, దేని మీద ఆడారో కూడా చెప్పి తీరాలి. అవి తీసేసి మిగిల్చిన అంకెను, పైగా వందమంది అంకెలు కలిపి తీసిన సగటును, కొలబద్దగా వాడటం మానేయాలి. నా వాదన ఇదే. ఇందులో ఎన్ని చిల్లులున్నాయో కూడా రాస్తాను.

చిట్టా పుస్తకం వెనక పేజీలు

2004 నుంచి 2006 దాకా, డిగ్రీ చదివే రోజుల్లో, సాయంత్రాలు బాలాజీ కాలనీ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కౌంటరు చూసుకునేవాణ్ణి. పది కంప్యూటర్లు, గంటకు పదిహేను రూపాయలు. ఆరు దాకా పరీక్షల దరఖాస్తులు, ఫలితాలు, అమెరికాలో ఉన్న కొడుకులకు తండ్రులు చెప్పగా నేను టైపు చేసే మెయిళ్ళు. ఆరు దాటితే పిల్లలు. ఎవరు ఎన్నింటికి కూర్చున్నారో, ఎన్నింటికి లేచారో రాయడానికి కౌంటరు మీద ఒక పొడుగు చిట్టా పుస్తకం ఉండేది, దారంతో కట్టిన పెన్నుతో సహా. ఆ పుస్తకం వెనక పేజీల్లో పిల్లలు ఆటల గురించి రాయడం మొదలుపెట్టారు. మొదట ఎవరు రాశారో తెలియదు. నేను కొట్టేయలేదు, అది చూసి మిగతావాళ్ళకు ధైర్యం వచ్చింది.

ఎవరూ మార్కులు వేయలేదు, ఆ ఆలోచనే వాళ్ళకు రాలేదనుకుంటాను. “కార్ల ఆట బాగుంది, కానీ నాలుగో పందెం దగ్గర ఆగిపోతుంది, సీడీ గీతలు పడింది.” “వైస్ సిటీలో పడవ కావాలంటే నన్ను అడగండి” అని ఒకడు, కింద వాడు కూర్చునే వేళలతో సహా. నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నది ఒకటుంది: “ఐజీఐ ఆడేవాళ్ళు ఏడో కంప్యూటర్‌లో ఆడవద్దు. మౌసు ఎడమకు తిరగదు. కంచె దాటేలోపే చస్తారు.”

ఇరవై ఏళ్ళుగా ఎన్నో ఆటల సమీక్షలు చదివాను. చదివేవాడి మీద అంత శ్రద్ధ ఉన్న వాక్యం మళ్ళీ కనిపించలేదు.

ఐజీఐ సంగతే తీసుకుందాం. శత్రువుల స్థావరాల్లోకి ఒంటరిగా చొరబడే తుపాకుల ఆట అది. నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ తయారుచేయగా 2000 చివర్లో వచ్చింది. మన దేశంలో నెట్ సెంటర్ చూసినవాళ్ళెవరికీ దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. అప్పటి విదేశీ సమీక్షకులు దానిలో ఎత్తిచూపిన లోపాల్లో ముఖ్యమైనవి మూడు: మిషన్ (ఆటలో ఒక ఘట్టం) మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు, నలుగురు కలిసి ఆడే ఏర్పాటు లేదు, శత్రు సైనికులకు బుర్ర లేదు. మూడూ నిజమే. ఇప్పుడు ఆ మూడింటినీ మా నెట్ సెంటర్ గుమ్మం దాటించి చూడండి.

సేవ్ చేసుకున్నది రేపటికి ఉంటుందని మా దగ్గర ఎవరికీ నమ్మకం లేదు. రేపు ఆ కంప్యూటరే దొరకకపోవచ్చు, దొరికినా పొద్దున్నే ఎవరో విండోస్ మళ్ళీ ఎక్కించి ఉండవచ్చు, ఈలోపు కరెంటు పోనూ వచ్చు. ఏడున్నర రూపాయలు కట్టి, అరగంటలో, ఒక్క ప్రాణంతో ఒక మిషన్ మొదలు నుంచి చివర దాకా దాటడం: మావాళ్ళ దృష్టిలో ఆట అంటేనే అది. ఇక కలిసి ఆడటం. కుర్చీలో ఒకడు, వాడి వెనక నలుగురు. “టవర్ మీద ఒకడున్నాడు, ముందు వాణ్ణి చూడు.” “అలారం దగ్గరకు పోనీయకు.” చచ్చినప్పుడు తిట్లు మాత్రం కుర్చీలో ఉన్నవాడికి. ఐదుగురు ఆడే ఆటకు ఇంకో ఏర్పాటు ఎందుకు? అలారం మోగితే బ్యారక్ తలుపులోంచి ఒకడి వెనక ఒకడు పుట్టుకొస్తూనే ఉండే సైనికులు మాకు లోపంగా తోచలేదు. తలుపు పక్కన నక్కి కూర్చుని లెక్కపెట్టేవాళ్ళు. పైగా మా పాత డబ్బాల మీద ఆ ఆట తడబడకుండా నడిచేది. దానికి ఏ సమీక్షకుడూ ఒక మార్కు కలపలేదు. కలపవలసిన అవసరం ఆయనకు కనిపించే వీలూ లేదు.

అంటే ఆ సమీక్షలు తప్పా? కాదు. సొంత గదిలో, సొంత కంప్యూటర్ ముందు, పూర్తి ధర పెట్టి కొన్న మనిషి గంటన్నర కష్టపడి ఒక్క తూటాకు చచ్చి మళ్ళీ మొదటికి వస్తే వాడికి ఒళ్ళు మండదా? మండుతుంది. సమీక్ష వాడి కోసం రాసింది. ఆ సమీక్షలో మాటలు చదివితే అది వాడి కోసమేనని నాకు తెలుస్తుంది. చివర్న ఉన్న అంకె చదివితే తెలియదు.

సగం బావి

అంకె ఒక్కటే అయితే ఏదో సర్దుకోవచ్చు. ఆ అంకెలన్నీ కలిపి సగటు తీయడంతో అసలు చిక్కు మొదలవుతుంది. 2010లో ‘డెడ్లీ ప్రిమొనిషన్’ అని ఒక ఆట వచ్చింది. వానపడే చిన్న ఊరికి హత్య విచారణకు వచ్చిన అధికారి, వింత సంభాషణలు, నడపడానికి చికాకు పుట్టించే కారు. ఆటల సమీక్షలు రాసే సైటు ఐజీఎన్ అమెరికా విభాగం దానికి 10కి 2 ఇచ్చింది. అలాంటిదే ఇంకో సైటు, డిస్ట్రక్టాయిడ్, 10కి 10 ఇచ్చింది. ఈ రెండు కలిపి సగటు తీస్తే 6. ఆరు అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఒకరు బావి తవ్వమన్నారు, ఇంకొకరు పూడ్చమన్నారు, మనం సగం బావి తవ్వి కూర్చున్నాం. ఆ 2, ఆ 10 పక్కపక్కన చూస్తే నాకు ఆ ఆట మీద ఆసక్తి పుడుతుంది. ఆ 6 చూస్తే పేజీ తిప్పేస్తాను. జిహ్వకో రుచి అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. జిహ్వలన్నీ కలిపి సగటు తీయమని మాత్రం అనలేదు.

జపాన్ ఆటల పత్రిక ఫామిత్సు పద్ధతి నాకు ఈ విషయంలో నచ్చుతుంది. నలుగురు సమీక్షకులు, ఒక్కొక్కరు 10కి మార్కు వేస్తారు, మొత్తం 40. 1998లో ‘ఒకరీనా ఆఫ్ టైమ్’ అనే ఆట మొదటిసారి 40కి 40 తెచ్చుకున్నదంటే దాని అర్థం నలుగురూ విడివిడిగా తలవంచారని. మొత్తం వేసినా నాలుగు మార్కులూ విడిగా కనబడతాయి. చదవగా చదవగా ఎవరి రుచి మనకు దగ్గరో పట్టేయవచ్చు. నాకు సమీక్షకుడు నచ్చనవసరం లేదు. మా వీధిలో ఒకాయన ఏ సినిమా బాగుందంటే దానికి నేను వెళ్ళను, ఆయన ఛీ అంటే మొదటి ఆటకే వెళ్తాను. ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను మోసం చేసింది రెండుసార్లే. ఆయనను తీసుకెళ్ళి సగటులో కలిపితే నాకున్న ఆ ఒక్క ఆధారమూ పోతుంది. 2001 నుంచి ఉన్న మెటాక్రిటిక్ చేస్తున్నది ఇదే. పైగా అందరి మాటకూ ఒకే బరువు ఇవ్వదు, ఎవరికి ఎంత బరువో బయటకు చెప్పదు.

అక్కడే ఇంకో విచిత్రం ఉంది. సినిమాకు 61 వస్తే ఆ అంకె ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది, బాగుందని గుర్తు. ఆటకు పచ్చ రంగు రావాలంటే 75 కావాలి. 74 వచ్చిన ఆట పసుపు, 62 వచ్చిన సినిమా పచ్చ. ఆటల సమీక్షకులు చేతికి ఎముక లేకుండా మార్కులు వేస్తారని ఆ రంగులు వేసినవాళ్ళే ఒప్పుకున్నట్టు. తిరుపతిలో కాలేజీల హోర్డింగుల కింద పెరిగినవాడికి ఇది కొత్త కాదు. 1000కి 930 వచ్చిన పిల్లవాడు మొహం చాటేసుకుని తిరిగే ఊరు మాది. 2006లో గేమ్‌స్పాట్ అనే సమీక్షల సైటులో జెఫ్ గెర్స్ట్‌మన్ ‘ట్వైలైట్ ప్రిన్సెస్’ ఆటకు 10కి 8.8 ఇస్తే పాఠకులు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఎంతో బాగుందని చెప్పే అంకెకు ఆ గొడవ. తొమ్మిది దాటలేదట.

ఇక్కడ నాకు నేనే అడ్డు తగులుతాను. తెలుగు సినిమా సమీక్షల్లో 5కి 2.75 అంటే ఏమిటో మనకు తెలియదా? ‘పని లేకపోతే ఒకసారి చూడు’ అని. 3.25 అంటే టికెట్లు దొరకవని. అంకె అసలు విలువ ఏదైనా, చదివేవాళ్ళందరికీ అర్థం తెలిసినప్పుడు అది కూడా భాషే కదా. ఏడు అంటే మామూలు అని లోకమంతా ఒప్పుకుంటే ఏడుతో వచ్చిన నష్టం ఏమిటి? ఒప్పుకుంటాను, చదువరి వరకు నష్టం తక్కువ. కానీ ఆ అంకె చదువరి దగ్గరే ఆగదు.

బెల్లం రంగు

మా మేనమామకు చిత్తూరు పక్కన రెండెకరాల చెరకు ఉండేది. గానుగ ఆడే రోజుల్లో నేను సెలవు పెట్టుకుని మరీ వెళ్ళేవాణ్ణి. పెనంలో రసం కాగుతుంటే బెండ మొక్కల జిగురు వేసి మడ్డి తీసేవాళ్ళు. పాకం వచ్చిందో లేదో చూడటానికి మామయ్య కాస్త తీసి నీళ్ళ చెంబులో వేసి, వేళ్ళతో ఉండ చేసి, చెంబు అంచుకు కొట్టి చప్పుడు వినేవాడు. ఆ బెల్లం ముదురు రంగులో ఉండేది. ఒకసారి బండితో పాటు మార్కెట్‌కు నేనూ వెళ్ళాను. వ్యాపారి దిమ్మె మూల విరిచి, వెలుతురులో తిప్పి చూసి, ధర చెప్పాడు. నోట్లో వేసుకోలేదు. పక్క బండిలో నిమ్మపండు రంగు బెల్లానికి ఎక్కువ ధర పలికింది. మామయ్య దారి పొడుగునా ఒకటే మాట: “తినేదాన్ని కళ్ళతో కొంటారురా.”

మరుసటి ఏడాది మా మామయ్య కూడా పాకంలో హైడ్రోస్ వేశాడు. రంగు తెచ్చే మందు. ధర వచ్చింది. ఇంటికి అని మాత్రం మందు వేయని దిమ్మెలు నాలుగు విడిగా పోయించాడు.

2010లో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ అనే ఆట తెర వెనక కథ చదివినప్పుడు నాకు ఆ నాలుగు దిమ్మెలే గుర్తొచ్చాయి. దాన్ని తయారుచేసిన అబ్సిడియన్‌కు, మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అన్నది ఒప్పందం. వచ్చింది 84. ఆ సంస్థలో ముఖ్యుడైన క్రిస్ అవెలోన్ 2012లో ఈ సంగతి బయటపెట్టాడు. ఒక్క మార్కు. దాన్ని అటు ఇటు చేయడానికి ఎక్కడో ఒక పత్రికలో ఒక మనిషి ఆ పూట చిరాగ్గా ఉంటే చాలు. అంకెకు జీతాలు ముడిపెట్టినప్పుడు, అంకె పెంచే పనులే జరుగుతాయి. మొదటి పది గంటలు, అంటే సమీక్షకుడు తప్పకుండా చూసే భాగం, తళతళలాడుతుంది. చివరి అంకం పెచ్చులూడుతుంది. ఇది అన్ని ఆటల గురించీ అనడం లేదు, కానీ మీరూ ఆడి ఉంటారు అలాంటివి.

ఇక రంగు మందు గురించే చెప్పాలంటే ‘సైబర్‌పంక్ 2077’ అనే ఆట ఉంది. 2020 డిసెంబరు 10న విడుదల. అంతకు ముందు సమీక్షకుల చేతికి ఇచ్చింది కంప్యూటర్‌లో ఆడే రూపం ఒక్కటే. టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ పెట్టెల రూపాలు ఇవ్వలేదు. మొదట్లో తాము ఆడినది చిత్రీకరించి చూపడానికి కూడా వీల్లేదు, సంస్థ ఇచ్చిన దృశ్యాలే వాడాలి. మార్కులు 90 దాటాయి. పాత ప్లేస్టేషన్‌లో అది ఎంత అధ్వానంగా నడిచిందంటే, విడుదలైన ఎనిమిది రోజులకు, ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ తన దుకాణం నుంచే తీసేసింది. 2021 జూన్ దాకా తిరిగి పెట్టలేదు. ఏడో కంప్యూటర్ సంగతి ఎవరూ రాయలేదు, ఎందుకంటే ఎవరినీ అక్కడ కూర్చోనివ్వలేదు.

కొంచెం న్యాయంగా ఉండాలంటే, సమీక్షకుల బతుకు కూడా చూడాలి. అరవై గంటల ఆట వారం రోజుల ముందు చేతికి వస్తుంది. ఫలానా రోజు ఫలానా గంట దాకా నోరు విప్పకూడదని షరతు. ఆ గంట దాటి ఒక్కరోజు ఆలస్యమైతే చదివేవాళ్ళు ఉండరు. నిద్ర మానుకుని పరిగెత్తుతూ ఆడినవాడికి, రోజుకు గంట చొప్పున రెండు నెలలు ఆడే నాకూ ఆ ఆట ఒకటే ఎలా అవుతుంది? తిరుమలకు అలిపిరి మెట్లెక్కి వెళ్ళినవాడూ, బస్సులో వెళ్ళినవాడూ చేరేది ఒకచోటికే. దారి గురించి అడిగితే ఇద్దరూ చెప్పేది ఒకటి కాదు. ఇంకా, నిజం చెప్పినందుకు ఉద్యోగం పోయే ప్రమాదం. 8.8తో తిట్లు తిన్న ఆ గెర్స్ట్‌మన్‌నే 2007లో గేమ్‌స్పాట్ తీసేసింది. ‘కేన్ అండ్ లించ్’ ఆటకు ఆయన 6 ఇచ్చిన సమయంలో ఆ సైటు నిండా ఆ ఆట ప్రకటనలే ఉన్నాయి. ఆ ఒత్తిడి నిజమేనని 2012లో ఆయన నోరు విప్పి చెప్పాడు. కోపమొస్తే సమీక్షకుణ్ణి తిట్టే ముందు ఇది గుర్తుచేసుకుంటాను.

పెరుగన్నానికి 98

సరే, పండితులు వద్దు, జనం మాట వింటే పోలేదా అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. 2020లో ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ అనే ఆట విడుదలైన రోజే మెటాక్రిటిక్‌లో జనం సున్నాలు కుమ్మరించారు. పూర్తి చేయడానికి ఇరవై గంటల పైన పట్టే ఆట అది. ఆ దెబ్బకు ఆ సైటు ఆటలు విడుదలయ్యాక 36 గంటల దాకా జనం మార్కులు తీసుకోవడం మానేసింది. నాకిది వింతగా తోచదు. ఫోను మ్యాపులో మా ఊళ్ళో ఒక పాత గుడికి ఎవరో ఒక్క నక్షత్రం ఇచ్చారు. కారణం: పార్కింగ్ లేదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టినవాడు ఆ ఒక్క సంగతి మరిచిపోయాడు.

స్టీమ్ పద్ధతి కాస్త నయం. 2013 నుంచి అక్కడ జనం సమీక్షలు రాస్తున్నారు. అంకె లేదు, బొటనవేలు పైకో కిందికో, అంతే. పక్కనే రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో కనిపిస్తుంది. ఆ గంటలే నాకు ప్రాణం. వెయ్యి గంటలు ఆడి ‘కొనవద్దు’ అని రాసేవాడి మాటలో, నలభై నిమిషాలాడి ‘అద్భుతం’ అనేవాడి మాట కంటే సరుకు ఎక్కువ. ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాడి ఫిర్యాదు లాంటిది అది.

అయితే వాటన్నిటినీ కలిపి పైన శాతం వేస్తారు. 95 శాతం దాటితే అన్నిటికంటే పెద్ద బిరుదు. మావాడు దాన్ని నూటికి 95 మార్కులు అనుకుంటాడు. నిజానికి వందలో 95 మంది ‘పర్వాలేదు’ అన్నా ఆ బిరుదు వస్తుంది. పెరుగన్నాన్ని కాదనేవాళ్ళు ఎందరుంటారు? దానికి 98 వస్తుంది. రాగి సంగటి, నాటుకోడి పులుసు పెట్టండి. మొదటిసారి తిన్నవాడికి సంగటి గొంతు దిగదు, ఇంకొకడికి కారం ఎక్కువ, మూడోవాడు శాకాహారి. 78 వస్తుందేమో. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడు ఆ 78 కోసం పాతిక కిలోమీటర్లు బండి మీద వెళ్తాడు.

‘రాజీ’ దగ్గర నేను ఓడిపోయాను

ఇంతవరకు రాసి, గెలిచానని అనుకునేవాణ్ణే. కానీ ఒక సంగతి దాస్తే తప్పవుతుంది.

2020లో పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ అనే ఆట విడుదల చేసింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే అమ్మాయి, దుర్గ, విష్ణువు మాటలు, కథ చెప్పే ఘట్టాలు తోలుబొమ్మల నీడల్లా. విదేశీ సమీక్షలు బొమ్మల అందాన్ని మెచ్చుకుని, పోరాటాల దగ్గర పెదవి విరిచాయి. నాకు ఒళ్ళు మండింది. తోలుబొమ్మలాట అంటే ఏమిటో తెలియనివాళ్ళు దీన్ని ఎలా తూస్తారు? రాత్రి రెండింటి దాకా నేలమీద చాప వేసుకుని, నూనె దీపం వెనక రావణుడి పది తలలు ఊగడం చూసినవాడు కదా చెప్పాలి. ఏడో కంప్యూటర్ సిద్ధాంతం అంతా బయటకు తీసి, మా మేనల్లుడికి గంటసేపు చెప్పి, ఆడించాను.

వాడు రెండు మూడు రోజుల్లో పూర్తి చేశాడు. “చాలా బాగుంది మామా. కానీ కొట్టుకోవడం ఎంతసేపూ ఒకటే రకం. చివర్న హఠాత్తుగా అయిపోయింది.” సముద్రాల అవతల సమీక్షకులు అన్నమాటే, తిరుపతిలో పుట్టి పెరిగినవాడి నోట. తర్వాత నేను మళ్ళీ ఆడి చూశాను. వాడు చెప్పింది నిజం. మొదటిసారి నేను ఆట ఆడలేదు, మనవాళ్ళది అన్న ముచ్చటతో దగ్గరుండి చేయి పట్టుకుని నడిపించాను. ఎక్కడ నుంచి ఆడుతున్నామన్నది చూపును పదును చేసినట్టే, మసక కూడా చేస్తుంది. ఎవరు రాశారో తెలిస్తే చాలు అన్నాను కదా, నేను రాసి ఉంటే చదివినవాడు ఆ ముచ్చటను తీసివేసుకుని చదవాలి. తీసివేతకు కూడా ఒక గీటురాయి కావాలి. ఊరూ పేరూ తెలియని పరాయి సమీక్షకుడి పొడి మాట అప్పుడు పనికొస్తుంది.

ఇంకో సంగతి. యూరోగేమర్ అనే సమీక్షల సైటు 2015లో అంకెలు తీసేసి, కొనదగినది, తప్పక ఆడవలసినది, వద్దు అన్న ముద్రలు పెట్టుకుంది. నాబోటివాళ్ళు పండగ చేసుకున్నారు. 2023లో అయిదు నక్షత్రాలతో మళ్ళీ మార్కుల దగ్గరకే వచ్చింది. అంకెలేని సమీక్షను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తక్కువని ఒప్పుకోక తప్పదు. నేను మాత్రం? నిన్న కుక్కరు కొన్నాను. నాలుగు నక్షత్రాల కంటే తక్కువవి నా ఫోనులో కనిపించకుండా చేసి మరీ కొన్నాను. ఆ కుక్కరును ఎవరు, ఏ పొయ్యి మీద వాడారని ఒక్క క్షణం ఆలోచించలేదు. కుక్కరు మీద నాకు ప్రేమ లేదు, అందుకే అంకె సరిపోయింది. ఆటల మీద అంకెతో సరిపెట్టుకునేవాళ్ళకు కూడా బహుశా అంతే. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు ఎంతవరకు ఉందో తేల్చుకోలేకపోతున్నాను.

84, 79

మావాడి ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. ఎదురు అడిగాను. రోజుకు ఎంతసేపు దొరుకుతుంది? హాస్టల్లోనా, ఇంట్లోనా? వేరేవాళ్ళు ఎవరైనా నీలాంటి ల్యాప్‌టాప్‌లో ఆడారా? మూడో ప్రశ్నకు వాడు ఆ రాత్రంతా వెతికాడు. 84 వచ్చిన ఆట కింద వేలకు వేలు పొగడ్తలున్నాయి, ఒక్కరూ తమ కంప్యూటర్ ఏదో రాయలేదు. 79 వచ్చిన ఆట కింద పోర్చుగీసు భాషలో మూడు పంక్తులు కనిపించాయి. ఫోనుతో అనువాదం చేసుకుంటే, రాసినవాడి గ్రాఫిక్స్ కార్డు సరిగ్గా వీడిదే. నీడలు ఆపేస్తే హాయిగా నడుస్తుందని రాశాడు. వీడు అదే కొన్నాడు.

పదకొండు గంటలు ఆడాక వాడికి ఆ ఆట మీద పెద్ద అభిప్రాయమేమీ లేదు. బాగుందంటాడు, పడవ ప్రయాణాలు విసుగంటాడు. బొటనవేలు పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడి, పైకి పెట్టి, తెలుగులో నాలుగు వాక్యాలు రాశాడు. “నాది 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. నీడలు ఆపి ఆడండి. వానపడే చోట ఆగి ఆగి నడుస్తుంది. రాత్రి ఆడితే ఫ్యాను చప్పుడుకు పక్క మంచం మీద అవ్వ లేస్తుంది.”

ఇది ఉపయోగపడిందని ఇప్పటికి ముగ్గురు నొక్కారు. అందులో ఒకటి నాది.